గుర్రపుశాల పక్కగది: ఒక నవలలో ఒంటరితనం, వెలి

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒక గది గురించి. జాన్ స్టైన్‌బెక్ 1937లో ప్రచురించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ ఆరు అధ్యాయాల చిన్న నవల. అందులో నాలుగో అధ్యాయమంతా ఒక శనివారం రాత్రి, గుర్రపుశాల గోడకు ఆనించి దించిన ఇరుకైన పంచగదిలో జరుగుతుంది. గుర్రాల, కంచరగాడిదల జీను సామాను భద్రపరిచే గది అది. అందులోనే ఒక మనిషి కూడా కాపురం ఉంటాడు. అతని పేరు క్రుక్స్. ఆ రాంచ్ (పెద్ద వ్యవసాయ క్షేత్రం) మొత్తానికి అతడొక్కడే నల్లజాతి మనిషి.

నేను ఈ నవలను డిగ్రీ విద్యార్థులకు చెప్పిన తొలి సంవత్సరాల్లో ఈ అధ్యాయాన్ని ఒక్క పీరియడ్‌లో దాటించేసేవాణ్ణి. పరీక్షలో ప్రశ్నలు జార్జ్, లెనీల స్నేహం మీద, వాళ్ళ భూమి కల మీద, ముగింపు మీద వచ్చేవి. క్రుక్స్ గురించి అయిదు మార్కుల లఘుప్రశ్న వస్తే అదే గొప్ప. ఒక సంవత్సరం వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, “తన గదిలోకి ఎవరూ రాకూడదనే మనిషి తలుపెందుకు తెరిచి పెట్టుకున్నాడండీ?” అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆలస్యంగానైనా ఆ జవాబు వెతికే ప్రయత్నమే ఈ ప్రసంగం.

నవల చదవని వారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. జార్జ్ పొట్టివాడు, చురుకైనవాడు. లెనీ కొండంత మనిషి, బుద్ధి మాత్రం పసివాడిది. మెత్తనివి ఏవి కనిపించినా నిమరాలనిపించే అలవాటు, తన బలం తనకు తెలియకపోవడం అతని దురదృష్టాలు. ఇద్దరూ ఊరూరా తిరిగి పొలం పనులు చేసే కూలీలు. ఒకచోట గొడవై పారిపోయి, కాలిఫోర్నియాలో సొలెడాడ్ అనే ఊరి దగ్గర ఉన్న రాంచ్‌లో బార్లీ బస్తాలు మోసే పనికి వస్తారు. ఎప్పటికైనా పదెకరాల చెక్క కొనుక్కోవాలని, అక్కడ కుందేళ్ళను పెంచుకోవాలని వాళ్ళ ఆశ. సొలెడాడ్ అంటే స్పానిష్‌లో ఒంటరితనం. ఇది రచయిత కల్పించిన పేరేమో అనుకుంటారు చాలామంది, కాదు; 1791లో అక్కడ వెలసిన క్రైస్తవ మిషన్ నుంచి వచ్చిన పేరు. స్టైన్‌బెక్ 1902లో ఆ సమీపంలోని సలీనాస్‌లోనే పుట్టాడు, యువకుడిగా ఆ లోయలోని రాంచ్‌లలో కూలికి పనిచేశాడు. అంతటి సూచన నిండిన పేరు వెతక్కుండానే ఆయనకు మ్యాపులో దొరికింది.

ఈ నవలలో ఒంటరి కానివాడు లేడని అందరూ అంటారు, అది నిజమే. జార్జ్ పనివాళ్ళ బసలో కూర్చుని పేకముక్కలు పరుచుకుని తనతో తానే ఆడుకుంటాడు. చేయి పోగొట్టుకున్న ముసలి కాండీకి మిగిలిన ఒక్క తోడూ ముసలి కుక్క. దాన్ని కార్ల్‌సన్ అనే తోటి పనివాడు తీసుకువెళ్ళి కాల్చేస్తాడు, తుపాకి శబ్దం వినపడేదాకా ఆ బసలో ఎవరూ కాండీ ముఖంలోకి చూడలేరు. యజమాని కొడుకు కర్లీని పెళ్ళాడిన అమ్మాయికి నవల మొత్తంలో సొంత పేరే లేదు. అయితే వీళ్ళందరి స్థితినీ క్రుక్స్ స్థితినీ ఒకే మాటతో చెప్పడం నాకు తగదనిపిస్తుంది. తెలుగులో మనకు రెండు మాటలు ఉన్నాయి: ఒంటరితనం, వెలి. ఒంటరితనానికి కర్త ఉండనక్కరలేదు; నెలకు 50 డాలర్ల కోసం ఊళ్ళు మారేవాడికి నా అన్నవాళ్ళు లేకపోవడం ఆ బతుకు తీరులోనే ఉంది. వెలికి మాత్రం కర్త తప్పక ఉంటాడు, ఎవరో ఒకరు వేస్తేనే అది వెలి. జార్జ్ లెనీని వెంట పెట్టుకుని తన ఒంటరితనాన్ని కొంత తగ్గించుకోగలిగాడు, కాండీ వాళ్ళ కలలో వాటా అడిగి తగ్గించుకోబోయాడు. క్రుక్స్ తనంతట తాను ఏం చేసినా అతని వెలి తీరేది కాదు, ఎందుకంటే అది అతని చేతిలో లేదు.

స్టైన్‌బెక్ అతణ్ణి పాఠకుడికి ఎలా పరిచయం చేశాడో చూడండి. మనిషి కనిపించకముందే అతను తిన్న తిట్లు మనకు వినిపిస్తాయి. జార్జ్, లెనీ రావలసిన వేళకు రాలేదు. యజమానికి కోపం వచ్చింది, ఆ కోపం గుర్రాల కాపరి మీద తీర్చుకున్నాడు. అతణ్ణి ఎందుకు తిట్టారని జార్జ్ అడిగితే కాండీ చెప్పే కారణం ఒక్కటే: అతను నల్లవాడు. ఆ చోట కాండీ వాడే తిట్టుమాటను నేను ఇక్కడ పలకను. కాండీ దుర్మార్గుడు కాడు, ఆ మాట అన్న నోటితోనే మంచివాడనీ, గుర్రం తన్నడం వల్ల వెన్ను వంకరపోయిందనీ, చాలా చదువుతాడనీ, గదిలో పుస్తకాలు ఉన్నాయనీ చెబుతాడు. ఆ వెంటనే ఒక క్రిస్మస్ ముచ్చట చెబుతాడు. ఆ రోజు యజమాని పనివాళ్ళకు గాలన్ విస్కీ తెప్పించాడు, ఆ రాత్రికి మాత్రం క్రుక్స్‌ను బసలోకి రానిచ్చారు. వచ్చాక ఒక తెల్లవాడు అతనితో కలియబడ్డాడు. వెన్ను వంకర కాబట్టి ఆ తెల్లవాడు కాళ్ళు వాడకూడదని మిగతావాళ్ళు షరతు పెట్టారు. కాండీ ఇదంతా నోరూరించుకుంటూ చెబుతాడు. ఆ షరతును వాళ్ళు తమ న్యాయబుద్ధిగా చెప్పుకుంటారన్నది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే వివరం. అతను లోపలికి వచ్చినట్టు నవల చెప్పే ఆ ఒక్క రాత్రి కూడా వినోదవస్తువుగానే వచ్చాడు.

అతణ్ణి మనం మొదటిసారి చూసేది మూడో అధ్యాయంలో. స్లిమ్ అనే బండితోలరి కంచరగాడిద గిట్టకు పూయవలసిన తారు కాగిందని చెప్పడానికి క్రుక్స్ బస తలుపు దగ్గరికి వస్తాడు. చప్పుడు చేయకుండా తలుపు తీసి తల మాత్రం లోపలికి పెడతాడు, కాలు పెట్టడు. స్లిమ్‌ను ‘మిస్టర్ స్లిమ్’ అని పిలుస్తాడు. స్లిమ్ అతణ్ణి ‘క్రుక్స్’ అని పిలుస్తాడు. ఆ రాంచ్‌లో అందరికన్నా పెద్దమనసున్న మనిషి స్లిమ్. అయినా అతని నోట వచ్చే ‘క్రుక్స్’ అన్నది కూడా పేరు కాదు, వంకర వెన్నును బట్టి పెట్టిన ఎగతాళి పేరు. అతని అసలు పేరు పుస్తకం చివరిదాకా మనకు తెలియదు.

అదే సాయంత్రం బయట పెరట్లో గుర్రపు లాడాలు విసిరే ఆట జరుగుతోంది. ఆ ఆటలో క్రుక్స్‌ను మించినవాడు లేడు, ఇతరులకు గెలిచే అవకాశమే ఇవ్వడని లోపలికి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెప్పులోనూ తిట్టుమాట ఉంటుంది. చీకటి పడి ఆట ముగిసి, దీపం కింద పేకబల్ల వేసేసరికి అతను ఉండడు. ఆరుబయట కలిసి ఆడవచ్చు, కప్పు కింద ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు. ఈ గీత ఎక్కడ గీస్తారో తెలుగు పాఠకుడికి ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. పొలంలో పక్కపక్కన నాట్లు వేసి, మంచినీళ్ళ దగ్గరికి వచ్చేసరికి దోసిలి పట్టించిన చరిత్ర మనది. జాతి, కులం ఒకటే అని నేను అనను, వాటి పుట్టుక వేరు, చట్టాల చరిత్ర వేరు. గడప దగ్గర మాత్రం రెండూ ఒకేలా పనిచేస్తాయి.

ఇక గది సంగతికి వస్తాను. స్టైన్‌బెక్ దాన్ని సామాను జాబితాలా వర్ణిస్తాడు. మంచం అంటే గడ్డి నింపిన పొడవాటి పెట్టె. గోడకు తెగిన జీనుపట్టీలు, వాటిని కుట్టే పనిముట్లు. గుర్రాలకు వాడే మందుసీసాల పక్కనే అతని సొంత మందుసీసాలు. కిటికీ కింద పెంటకుప్ప. ఇవి కాక రబ్బరు బూట్లు, పెద్ద అలారం గడియారం, ఒంటిగొట్టం తుపాకి, మేకుకు వేలాడుతున్న బంగారు అంచు కళ్ళజోడు. తక్కిన కూలీలు మూటాముల్లె భుజాన వేసుకుని తిరిగేవాళ్ళు. ఇతను అవిటివాడు, గుర్రాల కాపరి, కాబట్టి ఇక్కడే పాతుకుపోయాడు. వీపున మోయగలిగిన దానికన్నా ఎక్కువ సామాను పోగుపడిందని రచయిత అంటాడు. వంకర వీపు గల మనిషి గురించి ఆ పోలిక వాడటం యాదృచ్ఛికం అనుకోను. ఇల్లూ వాకిలీ లేని కూలీల మధ్య సొంత గది, సొంత సామాను ఉన్నది ఇతనికే. వెలి వేయడం వల్ల దక్కిన ఆస్తి అది. తర్వాత కాండీ ఆ గదిని చూసి, ఒక్కడికే గది ఉండటం ఎంత బాగుంటుందో కదా అంటాడు. కిటికీ కింద పెంటకుప్ప కూడా ఉందిగా అని క్రుక్స్ బదులిస్తాడు.

ఆ గదిలో పుస్తకాలు కూడా ఉన్నాయి: చిరిగిన నిఘంటువు ఒకటి, బాగా నలిగిన 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ ఒకటి. ఈ రెండో పుస్తకం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలామంది వ్యాఖ్యాతలు ‘అతను హక్కుల గురించి తెలుసుకోవాలనుకుంటాడు’ అని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోతారు. ఆ సంవత్సరం ఆ కోడ్‌లో ఏముందో చూడాలి. హోటళ్ళు, భోజనశాలలు, క్షౌరశాలలు, నాటకశాలల వంటి బహిరంగ స్థలాల్లో పౌరులందరికీ సమానంగా ప్రవేశం ఉండాలని కాలిఫోర్నియా 1897లోనే చట్టం చేసింది. ఆ చట్టాన్ని సివిల్ కోడ్‌లో 51వ సెక్షన్‌గా చేర్చింది సరిగ్గా 1905లో. అదే కోడ్‌లో కొద్ది పుటల తర్వాత 60వ సెక్షన్ ఉంది. తెల్లవాళ్ళు నల్లవాళ్ళను చేసుకున్న పెళ్ళిళ్ళు చెల్లవని చెప్పే సెక్షన్ అది. దాన్ని కూడా 1905లోనే సవరించి ఆ నిషేధంలోకి ‘మంగోలియన్లు’ అన్న మాటతో తూర్పు ఆసియా జాతులను చేర్చారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది 1948లో, అంటే ఈ నవల వచ్చిన పదకొండేళ్ళకు. ఒకే పుస్తకంలో ఒక పుట అందరితో పాటు కూర్చోవచ్చంటుంది, ఇంకొక పుట కూర్చోవచ్చు గాని కలవకూడదంటుంది. స్టైన్‌బెక్ ఇదంతా లెక్కవేసి ఆ సంవత్సరాన్ని ఎంచుకున్నాడని నేను వాదించను. కానీ ఆ పుస్తకం అంతగా నలిగిపోయేలా చదివిన మనిషి ఈ రెండు పుటలూ చదవకుండా ఉండడు. పనివాళ్ళ బస బహిరంగ స్థలం కిందికి రాదని, మొదటి పుట తన పేకబల్ల దాకా చేరదని కూడా అతనికి తెలిసే ఉంటుంది.

అతనిలోని హక్కుల భాషకు మూలం ఇదే. గదిలో దీపం చూసి లెనీ గుమ్మంలో నిలబడ్డప్పుడు క్రుక్స్ నోట వెంటనే వచ్చే మాట హక్కు. నా గదిలోకి వచ్చే హక్కు నీకు లేదు, దీపం పెట్టుకునే హక్కు నాకు ఉంది అంటాడు. నన్ను మీ బసలోకి రానివ్వరు కాబట్టి మిమ్మల్ని నా గదిలోకి రానివ్వను. వెలి పడ్డ మనిషికి మిగిలిన ఒక్క అధికారం తన వంతుగా వెలి వేయడమే. లెనీకి ఈ లెక్కలేవీ తెలియవు. నిన్నెందుకు రానివ్వరని అడుగుతాడు, నల్లవాణ్ణి కాబట్టి అని క్రుక్స్ చెబుతాడు. ఆ జవాబు లెనీకి అర్థం కాదు. ఆ అర్థం కాకపోవడమే అతనికి గదిలో చోటు సంపాదిస్తుంది. కాసేపటికి క్రుక్స్ మెత్తబడి కూర్చోమంటాడు. జాషువా ‘గబ్బిలం’ చదివిన వారికి ఇక్కడ ఒక గుర్తింపు కలుగుతుంది. మనుషులు తొక్కని గడపను ఒక గబ్బిలం దాటి వస్తే, మనసులోని మాటంతా ఆ గబ్బిలానికే చెప్పుకున్నాడు ఆ కావ్యంలోని దళితుడు, అరుంధతీసుతుడు. మనసు విప్పడానికి వెలి పడ్డవాడికి దొరికేది లోకరీతి తెలియని శ్రోత. పోలికను అంతకు మించి లాగను.

క్రుక్స్ లెనీతో చెప్పినవాటిలో రెండు విషయాలు ముఖ్యం. మొదటిది అతని బాల్యం. తాను దక్షిణాది నుంచి వచ్చినవాణ్ణి కాననీ, ఇక్కడే కాలిఫోర్నియాలో పుట్టాననీ గట్టిగా చెబుతాడు. తండ్రికి కోళ్ళఫారం ఉండేది, సుమారు పదెకరాలు. తెల్లవాళ్ళ పిల్లలు ఆడుకోవడానికి వచ్చేవాళ్ళు, అది తండ్రికి నచ్చేది కాదు. ఎందుకు నచ్చేది కాదో పెద్దయ్యాక గాని తనకు తెలియలేదంటాడు. ఇద్దరు అన్నదమ్ములతో కలిసి ముగ్గురూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు. స్ట్రాబెర్రీ మడి ఉండేది, అల్ఫాల్ఫా గడ్డి మడి ఉండేది, ఎండ కాసే ఉదయాన తెల్లకోళ్ళను ఆ గడ్డిలోకి వదిలేవాళ్ళు. ఇప్పుడు జార్జ్ కల గుర్తుకు తెచ్చుకోండి. అదీ పదెకరాలే. లెనీ కుందేళ్ళకు వేయాలనుకున్నదీ అల్ఫాల్ఫా గడ్డే. తెల్ల కూలీలు ఇంకా కలగానే కంటున్న జీవితాన్ని ఈ నల్ల మనిషి ఒకప్పుడు నిజంగా జీవించాడు, తర్వాత పోగొట్టుకున్నాడు. ఎలా పోయిందో అతను చెప్పడు, ఎవరూ అడగరు. అందుకే లెనీ భూమి మాట ఎత్తగానే అతను వెక్కిరిస్తాడు. భూమి తలలో పెట్టుకుని ఈ దారిన పోయినవాళ్ళను వందలమందిని చూశాననీ, ఒక్కడికీ దక్కలేదనీ అంటాడు. సాధారణంగా దాన్ని నిరాశావాదం అంటాం. నాకైతే అందులో, ఆ భూమిని ఒకసారి చూసినవాడి సాక్ష్యం వినిపిస్తుంది.

రెండో విషయం ఇంకా లోతైనది. పుస్తకాలు చాలవు, పక్కన మనిషి కావాలి అంటాడు క్రుక్స్. అక్కడితో ఆగి ఉంటే అది ఎవరైనా అనే మాటే అయ్యేది. అతను ఒక అడుగు ముందుకు వేస్తాడు. రాత్రిపూట ఒక్కడూ కూర్చుని చదువుతూ ఉండగా ఏదో కనిపించిందనుకో. అది నిజంగా ఉందో, తన మనసు కల్పించిందో తేల్చుకోవడానికి పక్కన ఎవరూ లేరు. నీకూ కనిపించిందా అని అడగడానికి లేదు. కొలవడానికి కొలబద్ద లేదు. మరో మనిషి కన్ను తోడు రాకపోతే మన కన్నును కూడా మనం నమ్మలేమని అంటున్నాడు. వెలి వల్ల కలిగే బాధ గురించి చాలామంది రాశారు. వెలి మనిషి తెలివిని ఎలా తొలిచేస్తుందో ఇంత సూటిగా చెప్పిన చోటు నేను తక్కువే చదివాను. తనకు జరుగుతున్నది అన్యాయమా కాదా అన్న ప్రశ్నకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ రాంచ్‌లో ఇంకొక నల్ల మనిషి ఉంటే, ‘నిన్నూ అలాగే చూస్తున్నారా’ అని అడిగేవాడు. అలాంటి మనిషి లేడు. సొలెడాడ్‌లో ఒకే ఒక్క నల్ల కుటుంబం ఉందని అతనే చెబుతాడు. 1930 జనాభా లెక్కల ప్రకారం కాలిఫోర్నియాలో నల్లవాళ్ళు సుమారు 1.4 శాతమే.

ఈ రెంటి నడుమ అతను ఒక క్రూరమైన పని కూడా చేస్తాడు, దాన్ని దాచడం రచయితకు ద్రోహం అవుతుంది. జార్జ్ పట్నం నుంచి తిరిగి రాకపోతే ఏం చేస్తావని లెనీని గుచ్చి గుచ్చి అడుగుతాడు, ఆ పసిమనసు భయంతో వణుకుతుంటే అతని ముఖం వెలుగుతుంది. తనకు ఎప్పుడూ ఉండే భయాన్ని ఇంకొకడి ముఖంలో ఒక్క నిమిషం చూడాలన్న కోరిక అది. లెనీ కోపంతో లేచి మీదికి వచ్చేసరికి వెనక్కి తగ్గుతాడు. బాధితుణ్ణి దేవుణ్ణి చేయకపోవడం స్టైన్‌బెక్‌లో నాకు నచ్చే గుణం.

తర్వాత కాండీ వస్తాడు. ఎన్నో ఏళ్ళుగా ఒకే రాంచ్‌లో ఉన్నా కాండీ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. అతనొచ్చినందుకు లోలోపల కలిగిన సంతోషాన్ని క్రుక్స్ కోపం వెనక దాచుకుంటాడు. భూమి వెల 600 డాలర్లు, అందులో కాండీ సొమ్ము 350. ఆ మొత్తంలో 250 అతని చేయి పోయినందుకు ఇచ్చిన పరిహారం. లెక్క సరిపోతున్నకొద్దీ క్రుక్స్ వెక్కిరింపు సన్నగిల్లుతుంది. చివరికి తడబడుతూ, మీకు మనిషి కావలసివస్తే కూలి లేకుండా తిండికే వచ్చి పనిచేస్తాను అంటాడు. మిగతా ఇద్దరూ భాగస్వాములు, ఇతను మాత్రం జీతం లేని పాలేరుగా వస్తానంటున్నాడు. కలలో కూడా తనకు సమాన వాటా అడిగే ధైర్యం లేదు. అయినా ఆ కొద్ది నిమిషాలు ఆ గదిలో ముగ్గురు మనుషులు ఒకే దీపం కింద కూర్చుని భవిష్యత్తు గురించి మాట్లాడుకున్నారు. తలుపెందుకు తెరిచి పెట్టాడన్న ఆ అమ్మాయి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఈ కొద్ది నిమిషాలే.

అప్పుడే కర్లీ భార్య గుమ్మంలో కనిపిస్తుంది. బలం ఉన్నవాళ్ళంతా పట్నానికి వెళ్ళారు, బలహీనులను ఇక్కడ వదిలేశారు అంటుంది. ఆ లెక్కలో తానూ ఉన్నానని ఆమెకు తెలుసు. కాండీ, లెనీల ఆశ తోడైన ధైర్యంతో క్రుక్స్ లేచి, నల్లవాడి గదిలోకి వచ్చే హక్కు నీకు లేదు, యజమానికి చెబుతాను అంటాడు. ఆమె తిరగబడుతుంది. నేను తలుచుకుంటే నిన్ను చెట్టుకు వేలాడదీయించడం ఎంత సులువో తెలుసా అన్నది ఆమె మాటల సారాంశం. ఆ బెదిరింపు 1937 పాఠకులకు అతిశయోక్తిగా తోచి ఉండదు. అలబామాలో 1931లో ఇద్దరు తెల్లయువతుల ఆరోపణ మీద తొమ్మిదిమంది నల్ల కుర్రవాళ్ళను పట్టుకుని, మొదటి విచారణలోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. ఆ యువతులలో ఒకామె తన మాట అబద్ధమని 1933లో కోర్టులోనే ఒప్పుకున్నా, ఈ నవల వచ్చేనాటికి ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. సలీనాస్‌కు ఉత్తరాన ఉన్న శాన్ హోసేలో 1933 నవంబరులో జనం జైలు బద్దలుకొట్టి ఇద్దరు ఖైదీలను పార్కులో ఉరితీస్తే రాష్ట్ర గవర్నరే మెచ్చుకున్నాడు. ఆ ఖైదీలు తెల్లవాళ్ళు. ఆ ఘటన నేపథ్యంగా స్టైన్‌బెక్ 1936లో ప్రచురించిన కథలో మాత్రం చనిపోయినవాడు నల్లవాడు. అందులో ఉరితీసిన మూకలోని ఒకడు, పని ముగిశాక తనను ఆవరించిన ఒంటరితనంతో వీధిలో నడుస్తూ ఉంటాడు. వెలి వేసినవాడి ఒంటరితనం గురించి కూడా ఈ రచయిత ముందే ఆలోచించాడన్నమాట.

బెదిరింపు విన్న క్రుక్స్ ఎదురుతిరగడు, ఏడవడు. తనను తాను సున్నా చేసుకుంటాడు అంటాడు రచయిత. ఇష్టపడడానికి గాని ద్వేషించడానికి గాని ఏమీ మిగలకుండా, గొంతులో స్వరం లేకుండా, ‘సరేనమ్మా’ అంటాడు. కాండీ అడ్డుపడి, మేము సాక్ష్యం చెబుతాం అంటే ఆమె నవ్వి, మీ మాట ఎవరు వింటారంటుంది. కాండీ కాస్త ఆలోచించి, నిజమే, ఎవరూ వినరని ఒప్పుకుంటాడు. ఆమె ఒంటరి, చెప్పుచేతల్లో ఉన్న ఇల్లాలు, ఆ రాత్రి తోడు వెతుక్కుంటూ వచ్చింది. అంతటి నిస్సహాయురాలి చేతిలోనూ ఒక ఆయుధం ఉంది, అది తెల్లదనం. స్త్రీవాద విమర్శకులు ఆమె పక్షాన చెప్పిన మాటలతో నేను చాలావరకు ఏకీభవిస్తాను, ఈ ఒక్క క్షణాన్ని మాత్రం ఎవరూ కడిగేయలేరు.

ఇక్కడ నవల మీద నాకున్న ఒక అసంతృప్తిని చెప్పక తప్పదు. 1930ల్లో సలీనాస్ లోయ పొలాల్లో పనిచేసిన వారిలో ఫిలిప్పీన్స్ వాళ్ళు, మెక్సికో వాళ్ళు చాలామంది. దగ్గరలోని వాట్సన్‌విల్‌లో 1930 జనవరిలో తెల్ల మూకలు ఫిలిప్పీన్స్ కూలీల మీద దాడిచేసి ఒక యువకుణ్ణి కాల్చి చంపాయి. 1934లో సలీనాస్‌లోనే ఫిలిప్పీన్స్ కూలీలు సమ్మె చేశారు. మన దేశం నుంచి వెళ్ళిన పంజాబీ రైతుకూలీలు కూడా కాలిఫోర్నియాలో ఉన్నారు. భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1923లో భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారని తేల్చి పౌరసత్వానికి అనర్హులను చేసింది. ఈ మనుషులెవరూ నవలలోని బసలో కనపడరు. అందరూ తెల్లవాళ్ళు, ఒక్క నల్లవాడు. నాటకీయతకు అది బాగానే పనికివచ్చింది. ఒక్కడే ఉండటం వల్ల అతని ఒంటరితనం ముమ్మరించింది. కానీ క్రుక్స్‌కు కొలబద్ద కాగలిగిన మనుషులు ఆ లోయలో నిజంగా ఉన్నారు, వాళ్ళను బయట ఉంచింది యజమాని కాదు, రచయిత. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం సంఘం పెట్టుకునే హక్కు ఇస్తూనే వ్యవసాయ కూలీలను తన పరిధి నుంచి మినహాయించింది. ఆ విధంగా చట్టం దృష్టిలో బసలోని తెల్లవాళ్ళు కూడా గడప అవతలివాళ్ళే. తమ గడప దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టి ఆ సంగతి మరిచిపోగలిగారు.

అధ్యాయం చివర జార్జ్ వచ్చి కాండీని, లెనీని తీసుకుపోతాడు. వాళ్ళు గుమ్మం దాటుతుండగా క్రుక్స్ కాండీని పిలిచి, పొలంలో పనిచేస్తానన్న మాట మరిచిపో, సరదాకు అన్నాను అంటాడు. మంచం అంచున కూర్చుని చొక్కా పైకి లాగి, అరచేతిలో కాస్త మందు పోసుకుని, చేయి వెనక్కి తిప్పి వీపుకు రుద్దుకుంటాడు. అధ్యాయం మొదట్లో లెనీ వచ్చినప్పుడు కూడా అతను చేస్తున్నది అదే పని. వీపుకు మందు రాయడం ఇంకొకరు చేయవలసిన పని. పొలం నుంచి వచ్చిన మనిషికి ఇంట్లో ఎవరో ఒకరు చేసే పని.

ఆ తర్వాత నవలలో అతను ఒక్క మాట కూడా మాట్లాడడు. 1937 నాటి రంగస్థలం మీద, 1939 సినిమాలో ఈ పాత్ర వేసిన లీ విపర్ అనే నల్లజాతి నటుడికి దక్కిన నిడివి కూడా ఇంచుమించు ఈ ఒక్క గదే. అయితే చివరి అధ్యాయాల్లో అతని ప్రస్తావన ఒకసారి వస్తుంది, చదివేవాళ్ళు తరచుగా గమనించకుండా పోయే చోట. మరునాడు, ఆదివారం, లెనీ తన బలం తెలియక కర్లీ భార్యను చంపి నదివైపు పారిపోతాడు. కార్ల్‌సన్ పిస్తోలు కనిపించదు. లెనీని వేటాడడానికి ఆయుధం కావాలి. అప్పుడు కర్లీ, ఆ నల్లవాడి గదిలో తుపాకి ఉంది, అది తీసుకో అని కార్ల్‌సన్‌తో చెబుతాడు. ఆ గదిలోకి వచ్చే హక్కు ఎవరికీ లేదని ముందురాత్రి అన్నవాడిని ఎవరూ అడగలేదు. మేకుకు వేలాడే కళ్ళజోడు, నలిగిన సివిల్ కోడ్ ఎక్కడున్నవి అక్కడే ఉండగా, ఆ రాత్రి ఆ గది గడప తొక్కిన తొలి అతిథిని వెతకడానికి అతని తుపాకి బయలుదేరింది.